జీతం పెరిగితే సుఖం పెరిగిందా? లెక్క తీసే పద్ధతి

కొత్త ఆఫర్‌కి సరేననే ముందు గంటకి నిజంగా ఎంత మిగులుతుందో లెక్కేయండి. ఇప్పుడు చేతికొచ్చేది 90,000 అనుకుందాం. రోజుకి 9 గంటల చొప్పున 22 రోజులకి 198 గంటలు. రానుపోను ప్రయాణం 55, ఇంటికొచ్చాక కాల్స్ 20 కలిపితే 273. పెట్రోలు, బయటి తిండి లాంటి ఉద్యోగం ఖర్చులు 11,000 తీసేస్తే మిగిలేది 79,000. గంటకి 289 రూపాయలు.

కొత్తచోట 1,10,000. ఆఫీసు గంటలు అవే 198, కానీ ప్రయాణం 88 గంటలు, కాల్స్ 40, ఖర్చు 14,000. గంటకి 294. ఇరవై వేల హైక్‌లో గంటకి దక్కింది ఐదు రూపాయలు! చాలామంది ప్రయాణాన్ని లెక్కలో కలపరు, తప్పేది అక్కడే.

డబ్బుతో సుఖం రాదని కొట్టేయడమూ తొందరపాటే. రోజువారీ సంతోషం ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగిపోతుందని 2010లో అమెరికా లెక్కలతో చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమనే, 2023లో మరో ఇద్దరితో కలిసి, చాలామందిలో అది ఆపైన కూడా పెరుగుతోందని ఒప్పుకున్నారు.

అందుకే సొంత ఖర్చుల్ని కొలవండి. 500 దాటిన ప్రతి కొనుగోలుకీ, అదిచ్చిన సుఖాన్ని బట్టి పదికి మార్కులు వేయండి: కొన్నరోజు ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి. పాత మార్కు చూడకూడదు, చూస్తే మనసు దాన్నే సమర్థిస్తుంది. ఈఎంఐ వస్తువైతే చివరి వాయిదా దాకా నెలనెలా వేయాలి. అద్దె, మందులు, ఫీజులు, అప్పు వడ్డీ ఇందులోకి రావు. అవి తీరడమే పెద్ద ఊరట.

మార్కులు సగానికి పడిపోయిన వస్తువుల ధరని పైన తేలిన గంట విలువ 289తో భాగించండి. 26,000 ఫోనంటే 90 గంటల కష్టం.