తొలకరికి ముందు పాత ఇంటి గోడలు: కొండ కింది ఊళ్లవారికి కొన్ని జాగ్రత్తలు

రోహిణి కార్తె వచ్చేసరికి కొండ కింద ప్రతి ఊళ్లోనూ కొందరికి ఒకేసారి పాత ఇల్లు గుర్తొస్తుంది. ఏడాదంతా చూసీ చూడనట్టు వదిలేసిన బీట అప్పుడు టెన్షన్ పెడుతుంది. రెండు బస్తాల సిమెంటు తెచ్చి, దొరికిన మేస్త్రిని బతిమాలి, వాన పడేలోపు ఏదో ఒకటి పూయించేస్తారు. ఆ తొందరలో చేసిన పని కొన్నిసార్లు గోడకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఈ రోజుల్లో మొదలుపెట్టదగ్గ పనులేవో, వచ్చే ఏడాదికి వదిలేయాల్సినవేవో తేల్చుకోవడమే అసలు జాగ్రత్త.

విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట, వేపాడ వైపు చూసినా, శ్రీకాకుళం జిల్లాలో పాతపట్నం, మెళియాపుట్టి, మందస వైపు చూసినా పాత ఇళ్ల కట్టుబడి ఇంచుమించు ఒకటే. కింద రాతి పునాది. దాని మీద మట్టి గోడ, లేదంటే అడుసుతో పేర్చిన ఇటుక గోడ. కాస్త కలిగినవాళ్లవైతే సున్నంతో కట్టినవి. పైన వాసాల మీద పెంకు. ఇలాంటి గోడ పై నుంచి పడే వానను చూరు ఉన్నంతకాలం బాగానే తట్టుకుంటుంది. కొండ మీద నుంచి దిగి, పెరడు దాటి, గోడ మొదట్లో నిలిచే నీటిని మాత్రం తట్టుకోలేదు.

మన జిల్లాల్లో గోడకు ఏటా రెండు పరీక్షలు. జూన్ రెండో వారం నుంచి నైరుతి వాన గోడను నానబెడుతుంది. సెప్టెంబరు చివర, అక్టోబరులో వచ్చే తుఫాను ఆ నానిన గోడను తోస్తుంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర దాటింది. రెండూ వర్షాకాలం చివర్లోనే, గోడలు అప్పటికే తడిసి ఉన్నప్పుడే వచ్చాయి. కాబట్టి మే నెలలో చేసే పని అక్టోబరు గాలిని కూడా దృష్టిలో పెట్టుకుని చేయాలి.

ముందు నీటి దారి

తాపీ పట్టించే ముందు పార పట్టాలి. ఇంటి వెనక, కొండ వైపున, గోడకు కనీసం ఆరేడు అడుగుల దూరంలో అడ్డంగా ఒక కాలువ తీసి, పై నుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించండి. కాలువ ఉంటే అందులో పేరుకున్న ఆకులు, మట్టి తీసేయండి. ఇంటి చుట్టూ నేల గోడ వైపు వాలి ఉంటే మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, వాలు బయటికి ఉండేలా సరిచేయండి. చూరు నీళ్లు పడేచోట గులకరాళ్లు పరిస్తే బురద గోడ మీదికి చిందదు. దీనికి మేస్త్రి అక్కర్లేదు, ఇద్దరు మనుషులు రెండు రోజులు కష్టపడితే చాలు. ఖర్చు పెట్టగలిగింది ఒక్క పనికే అయితే ఇదే చేయించమంటాను.

చాలా ఊళ్లలో ఇంకో తంటా ఉంది. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసుకుంటూ పోయేసరికి, ఒకప్పుడు మూడు మెట్లెక్కాల్సిన వీధి అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది. కొన్ని ఇళ్లకు రోడ్డు నుంచి కిందికి దిగాలి. వాన పడితే వీధి నీళ్లన్నీ సావిట్లోకే. గుమ్మం ముందు సిమెంటు గట్టు కట్టి ఊరుకుంటే ఆ నీళ్లు గట్టు పక్కన నిలిచి పునాదిలోకి దిగుతాయి. గట్టుతో పాటు పక్కగా నీళ్లు పోయే దారి కూడా ఉండాలి. అది పొరుగింటి ముందు నుంచి పోవాల్సి వస్తే, వానలో గొడవపడే బదులు ఇప్పుడే వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

కొండ వాలును తొలిచి పెరడు వెడల్పు చేసుకునే పని మాత్రం ఈ నెలల్లో పెట్టుకోకండి. కోసిన మట్టి గట్టు ఒక్క గట్టి వానకు జారుతుంది. కొండ మట్టిని ఆపే రాతి గట్టు గోడ ఉంటే, దాని రాళ్ల సందులన్నీ సిమెంటుతో మూసేయడం కూడా ప్రమాదమే. వెనక చేరిన నీళ్లు బయటికి రాలేక గోడను ముందుకు తోస్తాయి. మూడంగుళాల పైపు ముక్కలు నాలుగైదు అడుగులకొకటి, కొంచెం బయటికి వాలుగా పెట్టి, గోడ వెనక కంకర పోయించాలి. పాత పైపులు మట్టితో పూడిపోయి ఉంటే ఊచతో పొడిచి తెరవండి. అయిదడుగులు దాటిన గట్టు గోడ కొత్తగా కట్టాలంటే ఇంజనీరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

బీట చూసి భయపడాలా

పూత మీద మాత్రమే ఉన్న వెంట్రుక బీటలకు కంగారు పడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగిన బీట పునాది ఒకవైపు కుంగిందని చెబుతుంది. దూలం ఆనిన చోట అడ్డంగా పోయిన బీట పైకప్పు గోడను బయటికి నెడుతోందని అనుమానించాలి. బీట రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వారం పది రోజుల్లో బీట గీత దాటిందంటే గోడ ఇంకా కదులుతోంది. కదిలే బీటను పూడ్చి ప్రయోజనం లేదు, కదలడానికి కారణం చూడాలి.

గోడ తల నుంచి గుండు దారం వేలాడదీసి చూడండి. మధ్యలో గోడ పొట్ట బయటికి వచ్చి దారాన్ని తోస్తుంటే అది పూత పని కాదు. లోపల వైపు దూలానికి గట్టి కర్రలతో ఆసరా పెట్టి, ఆ గది ఖాళీ చేసి, వానలు వెళ్లాకే విప్పి కట్టించాలి. జూన్ ముంగిట గోడ విప్పితే మధ్యలో ఆగిపోతుంది. తొలకరి పడగానే కూలీలు పొలం పనులకు వెళ్లిపోతారు, మంచి తాపీ పనివాళ్లలో సగం మంది ఎలాగూ విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటారు. సగం విప్పిన గోడ కంటే ఆసరా పెట్టిన పాత గోడే నయం.

మట్టి గోడ మీద సిమెంటు

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. మట్టి గోడా, సున్నం గోడా నేలలోంచి చెమ్మను పైకి పీల్చుకుని గాలికి వదిలేస్తుంటాయి. దానిమీద సిమెంటు పూస్తే బయటికి పోయే దారి మూసుకుపోతుంది. చెమ్మ గోడలోనే నిలిచి, ఇంకా పైకి ఎక్కి, లోపలి మట్టిని మెత్తబరుస్తుంది. పైకి ఇల్లు కొత్తదానిలా కనిపిస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక వేలితో కొడితే డబడబమని బోలు శబ్దం, తర్వాత పెచ్చులకు పెచ్చులు ఊడటం. ఊడిన పెచ్చు వెనక చూస్తే మట్టి పిండిలా రాలుతుంటుంది. ఒక ముసలి మేస్త్రి మాట ఇది: ‘సిమెంటు కొట్టమంటే కొట్టెత్తాను బాబూ, లోపల మట్టిని నేనేం సేయలేను.’

మట్టి గోడకు మట్టి పూతే వేయించండి. ఎర్రమట్టిలో తరిగిన గడ్డి గానీ ఊక గానీ, పేడ గానీ కలిపి, తొక్కి, ఒకటి రెండు రోజులు మాగనిచ్చి పూయాలి. సున్నం గోడకు సున్నం, ఇసుక ఒకటికి మూడు పాళ్లు. అయితే సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, వారాలు పడుతుంది. మే చివర్లో పూసిన సున్నం వానకు కొట్టుకుపోతుంది. ఆ పనికి సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది వరకు మంచి కాలం. ఇప్పుడే తప్పదనుకుంటే పూత జోలికి పోకుండా, తడిసే వైపు గోడకు తాటాకు తడికో టార్పాలినో గోడకు అంటకుండా, కింద గాలి ఆడేలా కట్టండి. ప్రహరీ గోడ తలకు తాటాకు కప్పే పాత అలవాటు ఎందుకు మానేశారో నాకు అర్థం కాదు. ఖర్చు తక్కువ, గోడ ఆయుష్షు ఎక్కువ.

సిమెంటుతోనే కట్టిన గోడల సంగతి వేరు. వాటికి సిమెంటు వాడండి, కానీ బస్తా మీద ముద్రించిన వారం, సంవత్సరం చూసి కొనండి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. తెచ్చాక నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టాలి. నీళ్లు కలిపిన మాలును అరగంటలో వాడేయాలి. గట్టిపడిన దాన్లో మళ్లీ నీళ్లు పోసి కలిపితే ఒప్పుకోవద్దు. ఇటుకలను ముందుగా నీళ్లలో నాననివ్వాలి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో కొత్త పూత రెండు గంటల్లో ఎండి బీటలిస్తుంది. గోనె సంచులు కప్పి, కనీసం వారం రోజులు, పూటకు రెండుసార్లు తడపాలి. గోడ ఒక రోజులో నాలుగైదు అడుగులకు మించి లేపనివ్వొద్దు.

ఇసుక ఏటిదే కావాలి. తీరం దగ్గర ఊళ్లలో సముద్రపు ఇసుక చవగ్గా దొరికినా తీసుకోకండి. అందులోని ఉప్పు గోడ మీద తెల్లగా పూస్తుంది, లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి ఊపి పెడితే, గంట తర్వాత పైన మందంగా మట్టి పొర తేలితే అది కూడా పనికిరాదు.

పునాదికి రాయి మార్చాల్సి వస్తే రంగు చూసి మోసపోవద్దు. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. గాలికి, నీటికి అది త్వరగా మెత్తబడి ఎర్రగా పొడి రాలుతుంది. సుత్తితో కొడితే ఖంగుమనే గట్టి రాయినే నేలలోకి దించాలి. పునాది కింద తవ్వాల్సి వస్తే ఒకేసారి గోడ పొడవునా తవ్వనివ్వకండి. మూడు నాలుగడుగుల ముక్క తవ్వి, కట్టి, గట్టిపడ్డాక దూరంగా ఇంకో ముక్క. వానాకాలంలో ఈ పని అసలే వద్దు.

కొత్తగా పెట్టేవాటితో

పాత గోడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఎక్కించడమంటే టన్ను బరువు పెట్టడం. ట్యాంకుకు విడిగా దిమ్మ కట్టించండి. కరెంటు పైపుల కోసం గోడను అడ్డంగా పొడవునా చెక్కనివ్వొద్దు. కొత్త గది గోడను పాత గోడలోకి పళ్లు దింపి కలిపితే, కొత్త పునాది కుంగినప్పుడు పాత గోడను కూడా లాగుతుంది. రెండింటి మధ్య సన్నని సందు వదిలి, పైన రేకు కప్పడం మేలు. కొత్త కిటికీ కోసం గోడ పగలగొట్టాలంటే ముందు పైన అడ్డబద్ద (లింటెల్) పడాలి, తర్వాతే కింద గోడ తీయాలి.

పనివాళ్ల జాగ్రత్త ఇంటివాళ్ల పూచీయే. గోడ విప్పితే ముందు పెంకు, తర్వాత వాసాలు, ఆ తర్వాత పై నుంచి కిందికి గోడ. గోడ అడుగున గునపంతో పొడిచి పడేయడం ప్రాణాంతకం. పరంజాకు పుచ్చిన సరుగుడు కర్రలు వాడనివ్వొద్దు. పెంకు ఎక్కే ముందు కప్పుకు ఆనుకుని పోయే సర్వీసు వైరు చూసి, లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి. రాళ్ల సందుల్లో కట్లపాము, రక్తపింజరి ఉండొచ్చు. చెయ్యి పెట్టే ముందు ఊచతో కదపాలి. కాటు పడితే కట్లు, పసర్ల జోలికి పోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సున్నం తడిపేటప్పుడు పిల్లల్ని దూరంగా పంపి, నీళ్లలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కంట్లో పడితే పావుగంట మంచినీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి.

వానలు మొదలయ్యాక తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, గోడలోంచి మట్టి రాలుతున్నా, ఇంటి వెనక కొండ నేలలో కొత్త నెర్రెలు కనిపించినా, మామూలుగా తేటగా వచ్చే ఊట బురదగా మారినా ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోకండి. పొట్ట వచ్చిన గోడ పక్క నుంచి మంచాలు ముందే తీసేయండి. తుఫాను హెచ్చరిక వస్తే ముసలివాళ్లనూ పిల్లలనూ స్లాబు ఉన్న బడికో బంధువులింటికో పగలుండగానే పంపండి. వాన వెలిశాక కూడా రెండు మూడు రోజులు అనుమానంగానే చూడాలి. నీళ్లు పీల్చిన మట్టి గోడ బరువెక్కి, బలం తగ్గి, ఎండ కాసిన పూట కూలడం కొత్తేమీ కాదు. తడిసిన గోడకు వెంటనే పూత వేయించకుండా డిసెంబరు దాకా ఆరనిచ్చి, అప్పుడు మేస్త్రిని పిలవండి. దసరాకే మాట్లాడి కొంచెం అడ్వాన్సు ఇచ్చి ఉంచితే సంక్రాంతి తర్వాత దొరుకుతాడు.