పాత మారుతి జిప్సీ కిందకు దూరే ముందు

గేర్ ఆయిల్ మార్చాలన్నా, సస్పెన్షన్ ఎత్తు పెంచాలన్నా ముందు నేల చూడండి. విశాఖలో సగం వీధులు ఏటవాలే. బండిని చదునైన కాంక్రీటు మీదే పెట్టండి, మట్టిలో జాకీ దిగబడుతుంది.

హ్యాండ్‌బ్రేక్ లాగేశాం కదా అని ధీమా వద్దు. జిప్సీలో అది పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపితే ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు తప్పనిసరి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) లివర్ న్యూట్రల్‌లో ఉంటే, గేర్ వేసినా బండి ఆగదు. చాలామంది మరిచిపోయేది ఇదే. ఒక్క చక్రమే లేపి ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ మాత్రం వేయకండి. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే గేర్) పడి ఉంటే బండి జాకీ మీంచి దూకేస్తుంది. జాకీ ఎత్తడానికే. కిందకు వెళ్లాలంటే స్టాండ్లు ఉండాల్సిందే. ఇటుకలు పెట్టొద్దు, పగులుతాయి.

ఆయిల్ తీసేటప్పుడు పోసే బోల్టు ముందు విప్పండి, కింది బోల్టు తర్వాత. కింది బోల్టు ముందే విప్పేశాక పోసే బోల్టు బిగిసిపోయి రాకపోతే, ఉన్న ఆయిల్ కూడా కారిపోయి బండి ఇంట్లోనే ఇరుక్కుపోతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు బండ్లకు ఉప్పుగాలి వల్ల ఈ బోల్టులు మొండికేస్తాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. వేడి బండి కింద చేయి పెట్టకండి, సైలెన్సర్ కాలుస్తుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలి.

పెద్ద టైర్లు, ఇంజిన్ మార్పులు సొంతంగా చేసేస్తే ఆర్‌సీతో పేచీ వస్తుంది. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఓసారి చదవండి. పాత ఆయిల్‌ని కాలువలో పారబోయకండి, డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డుకి ఇవ్వండి.