గోగునార సీట్లలో పొరలు ఊడకుండా ఏం చేశానంటే

గ్లాస్ ఫైబర్ బదులు గోగునార పరిచి, పాలిస్టర్ రెజిన్‌తో (ఆరాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) కుర్చీ సీట్లు పోస్తున్నాం. విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగు సాగు పాతదే కాబట్టి నార మనకు కొత్త సరుకేం కాదు. చిక్కల్లా వానాకాలంలో వచ్చింది. సీటు అంచు గోటితో లాగితే పొర లేచిపోయేది. లోపల చూస్తే రెజిన్ అంటకుండా నార పొడిపొడిగా ఉండేది, పక్కనే సన్నటి బుడగలు.

ముందు రెజిన్‌ను అనుమానించాం, కానీ అసలు సంగతి నారలోనే ఉంది. అది గాలిలోని చెమ్మను ఊరికే పీల్చేస్తుంది. తేమ ఎక్కువున్న రోజుల్లో దాని బరువులో పదో వంతుకు పైగా నీరే. పైగా పోగు మీద సహజమైన మైనం ఉంటుంది. ఈ రెండూ రెజిన్‌ను అంటనివ్వవు.

ఆ మైనం పోవడానికి ఇప్పుడు నారను 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో గంటసేపు నానబెడుతున్నాం. సోడా ఘాటు పెంచితే నారే చివికిపోతుంది. అల్యూమినియం పాత్ర అసలు వద్దు, ప్లాస్టిక్ టబ్బు వాడండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. తర్వాత బాగా కడిగి, ఆఖరి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి, సోడా మిగల్లేదని లిట్మస్ కాగితంతో చూస్తాం. ఎండలో ఆరాక ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, వేడి మీదే రెజిన్ పని మొదలుపెడతాం. ఆలస్యమయ్యేలా ఉంటే సంచిలో గట్టిగా మూతి కట్టేస్తాం.

కోసిన అంచులకు కూడా రెజిన్ పూయాలి, నీళ్లు దూరేది అక్కడే. అన్నట్టు, ఇది మట్టిలో కలిసిపోతుందని చెప్పి అమ్మకండి. నార కలుస్తుంది గానీ పాలిస్టర్ కలవదు.