పాత అంబాసిడర్‌కి కోన్ ఫిల్టర్ పెట్టే ముందు

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కి పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా తెరిచి ఉండే శంకు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) బిగించాలనుకునేవాళ్లు ముందు బానెట్ ఎత్తి ఒకసారి చూడండి. ఈ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిపే కార్బురేటర్, వేడి పొగను బయటకు పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఓపెన్ ఫిల్టర్ పీల్చేది ఆ సెగ గాలినే. వేడి గాలి పలచన, పవర్ పెరగదు సరికదా తగ్గుతుంది. మన ఎండల్లో మరీను. రోజూ తిరిగే బండికి పాత డబ్బానే శుభ్రం చేసి వాడుకోవడం నయం.

మార్చి తీరాలంటే, వాల్వ్ కవర్ నుంచి ఫిల్టర్‌కి వచ్చే బ్రీదర్ గొట్టాన్ని (ఇంజన్ లోపలి ఆవిర్లు బయటకు పోయే దారి) ఊరికే వదిలేయకండి. తెరిచి ఉంటే దుమ్ము నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి పోతుంది.

ఎస్‌యూ (SU) కంపెనీ కార్బురేటర్ అయితే మిక్స్చర్, అంటే గాలి-పెట్రోల్ మిశ్రమం కూడా చూసుకోవాలి, గాలి ధారాళంగా వస్తే పెట్రోల్ వంతు తగ్గుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో కార్బురేటర్‌లోని పిస్టన్‌ని (ఇంజన్ పిస్టన్ కాదు) ఒక మిల్లీమీటరు మాత్రమే పైకెత్తండి. ఇంజన్ ఆగిపోబోతే పెట్రోల్ చాలడం లేదు. వేగం పెరిగి అలాగే ఉండిపోతే ఎక్కువైంది. కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఐడిల్‌లో బాగుండి, రోడ్డు మీద లాగడం లేదంటే కార్బురేటర్‌లో పెట్రోల్ ఎంత రావాలో నిర్ణయించే నీడిల్ మార్చాల్సిందే.