మూడు ఓఎస్‌లకూ ఒకే యాప్: జీయూఐ టూల్‌కిట్‌ను ఎంచుకోవడం ఎలా?

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడిచే యాప్ కట్టాలంటే జీయూఐ టూల్‌కిట్ (విండోలు, బటన్లు అందించే లైబ్రరీ) కావాలి. డెమో చూసి ముచ్చటపడి దిగిపోవద్దు. బటన్లు, టెక్స్ట్ బాక్సులు అన్ని డెమోల్లోనూ అందంగానే ఉంటాయి. మీ యాప్‌లో అన్నిటికంటే మొండి స్క్రీన్ ఏదో ముందు తేల్చుకోండి. లక్ష వరుసల టేబుల్ కావచ్చు, లైవ్ గ్రాఫ్ కావచ్చు, తెలుగులో టైప్ చేసే ఎడిటర్ కావచ్చు. ఆ ఒక్క స్క్రీన్‌నే రెండు టూల్‌కిట్లలో కట్టి, ప్యాకేజీ చేసి, డెవలప్‌మెంట్ టూల్స్ ఏవీ లేని మెషీన్‌లో నడిపితే ఏది పనికొస్తుందో తెలిసిపోతుంది. ఆ రెండూ ఏవి అన్నదే ముందు తేలాలి.

విండోను ఎవరు గీస్తున్నారో చూడండి. 1992 నుంచి ఉన్న డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ ఆయా ఓఎస్‌ల సొంత కంట్రోల్స్‌నే వాడుతుంది. అందుకే తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సపోర్ట్ చాలావరకు దానంతటదే వస్తుంది. కాకపోతే ఒకే బటన్ వెడల్పు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. పిక్సెల్ లెక్కన స్థానాలు ఇస్తే అక్షరాలు తెగిపోతాయి, జాగాను బట్టి సర్దే సైజర్లే వాడాలి. క్యూట్, జీటీకే, ఫ్లట్టర్, అవలోనియా తమ విడ్జెట్లను (బటన్లు, బాక్సుల లాంటివి) తామే గీసుకుంటాయి. రూపం అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది గానీ, యాక్సెసిబిలిటీని టూల్‌కిట్ వాళ్లే విడిగా కట్టి ఉండాలి. ఎలా కట్టారో విండోస్‌లో ఎన్‌వీడీఏ, మ్యాక్‌లో వాయిస్‌ఓవర్, లినక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్లను ఆన్ చేసి వినాల్సిందే.

మూడో రకం వెబ్ మీద నడిచేది. ఎలక్ట్రాన్ తనతోపాటు క్రోమియం బ్రౌజర్‌ను, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌ను మోసుకొస్తుంది కాబట్టి ఖాళీ యాప్ కూడా 100 ఎంబీ దాటుతుంది. బదులుగా అన్ని ఓఎస్‌లలోనూ ఒకే ఇంజిన్ దొరుకుతుంది. టౌరి మాత్రం ఆయా ఓఎస్‌లలో ఉన్న వెబ్‌వ్యూనే (వెబ్ పేజీలు చూపించే భాగం) వాడుకుంటుంది: విండోస్‌లో వెబ్‌వ్యూ2, మ్యాక్‌లో డబ్ల్యూకేవెబ్‌వ్యూ, లినక్స్‌లో వెబ్‌కిట్‌జీటీకే. ఇన్‌స్టాలర్ బాగా చిన్నదవుతుంది. అయితే ఒకచోట కుదిరిన సీఎస్ఎస్ ఇంకోచోట చెదిరిపోవచ్చు, కనుక టెస్టింగ్ మూడింటిలోనూ చేయాలి.

భాష విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు, టీమ్‌కు చేతనైన భాషే సరి. పైథాన్ అయితే క్యూట్‌ను వాడుకోనిచ్చే పైసైడ్6, సీషార్ప్ అయితే అవలోనియా (డాట్‌నెట్ మావీకి లినక్స్ డెస్క్‌టాప్ అధికారిక సపోర్ట్ లేదు). ఫోన్ యాప్ కూడా కావాలంటే ఫ్లట్టర్‌ను పరిశీలించండి. నాలుగు సెట్టింగ్స్ ఉన్న చిన్న యుటిలిటీకి పైథాన్‌తో వచ్చే టీకేఇంటర్ చాలు, అంతకు మించి హంగామా అనవసరం.

లైసెన్స్ దగ్గర మాత్రం నిదానంగా చదవండి. క్యూట్ ముఖ్య మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద దొరుకుతాయి. క్లోజ్డ్ సోర్స్ యాప్‌లోనూ వాడుకోవచ్చు, కానీ ఆ లైబ్రరీని యూజర్ తన సొంత వెర్షన్‌తో మార్చుకోగలగాలి. డైనమిక్ లింకింగ్ చేస్తే (లైబ్రరీని విడి ఫైలుగా ఉంచితే) ఈ షరతు తేలిగ్గా తీరుతుంది. క్యూట్ చార్ట్స్ లాంటి మాడ్యూళ్లు అలా కాదు, జీపీఎల్ (యాప్ సోర్స్ కూడా ఇవ్వాల్సిన లైసెన్స్) లేదా కమర్షియల్ లైసెన్స్ మాత్రమే. పైథాన్‌లోనూ ఇదే తిరకాసు ఉంది. పైసైడ్6‌ది ఎల్‌జీపీఎల్, అదే పని చేసే పైక్యూట్6‌ది జీపీఎల్ లేదా కమర్షియల్. కోడ్ చూడటానికి ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ తేడా రిలీజ్ ముందురోజు దాకా ఎవరి కంటా పడదు.

ఇక నమూనా. టేబుల్‌నే తీసుకుందాం. క్యూట్‌లోని క్యూటేబుల్‌విడ్జెట్‌లో లక్ష వరుసలు, పది కాలమ్‌లు నింపితే గడికో ఆబ్జెక్ట్ చొప్పున పది లక్షలు తయారవుతాయి. మెమరీ ఉబ్బుతుంది, విండో తెరుచుకోవడానికే సమయం పడుతుంది. అదే క్యూటేబుల్‌వ్యూకి సొంత మోడల్ రాసి ఇస్తే, తెరమీద కనిపించే గడుల డేటానే అది అడుగుతుంది. మోడల్‌లోని ‘డేటా’ ఫంక్షన్‌లో డేటాబేస్ క్వెరీ పెట్టారో, స్క్రోల్ చేసిన ప్రతిసారీ యాప్ బిగుసుకుపోతుంది. డబ్ల్యూఎక్స్‌లో వర్చువల్ లిస్ట్ కంట్రోల్, ఫ్లట్టర్‌లో లిస్ట్‌వ్యూ బిల్డర్ ఇదే పని చేస్తాయి. టూల్‌కిట్ నెమ్మది అని తీర్పు చెప్పేముందు సరైన విడ్జెట్ వాడుతున్నామా అని చూసుకోవాలి.

తర్వాత టెక్స్ట్ బాక్సులో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞానం’ టైప్ చేయండి. వత్తులు కిందికి రాకుండా పొల్లుతో విడిపోతే ఫాంట్‌ను తిట్టుకోవద్దు, టెక్స్ట్ షేపింగ్ (అక్షరాలను, వత్తులను కలిపి అమర్చడం) లేదన్నమాట. క్యూట్, జీటీకే, క్రోమియం, ఫ్లట్టర్ ఈ పనికి హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడతాయి. డియర్ ఇమ్‌గూయీ షేపింగ్ చేయదు, గేమ్ డీబగ్ ప్యానెళ్లకు అది బ్రహ్మాండంగా ఉంటుంది గానీ తెలుగు ఎడిటర్‌కు పనికిరాదు. అక్షరాలు సరిగా కనిపించినా అక్కడితో ఆగకండి. బాణం కీతో కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుంటుందా, బ్యాక్‌స్పేస్ ఎంత చెరుపుతోంది అన్నవీ గమనించండి.

150 శాతం స్కేలింగ్ ఉన్న మానిటర్ నుంచి 100 శాతం ఉన్నదానికి విండోను లాగి చూడండి. ఐకాన్లు మసకబారడం, మెనూ తప్పు సైజులో తెరుచుకోవడం ఇక్కడే బయటపడతాయి. లినక్స్‌ను వేలాండ్ (లినక్స్‌లో విండోలను తెరమీద చూపించే కొత్త పద్ధతి) సెషన్‌లోనూ పరీక్షించండి. అందులో యాప్ తన ప్రధాన విండోను తెరమీద ఫలానా చోట పెట్టుకోవడం కుదరదు. మూసినచోటే మళ్లీ తెరుచుకోవడం లేదని టూల్‌కిట్ మార్చినా ఫలితం ఉండదు.

చివరగా ప్యాకేజింగ్. దీన్ని వాయిదా వేయకుండా నమూనాతోనే చేసేయండి. విండోస్‌లో క్యూట్ యాప్ కొత్త మెషీన్‌లో ‘ప్లాట్‌ఫామ్ ప్లగిన్ దొరకలేదు’ అంటూ ఆగిపోతే, ‘ప్లాట్‌ఫామ్స్’ ఫోల్డర్, అందులోని క్యూవిండోస్ డీఎల్‌ఎల్ ఎగ్జిక్యూటబుల్ పక్కన ఉన్నాయో లేదో చూడండి. విన్‌డిప్లాయ్‌క్యూట్ నడిపితే అవి వచ్చి చేరతాయి. మ్యాక్‌లో యాప్ స్టోర్ బయట ఇచ్చే యాప్‌ను సైన్ చేసి నోటరైజ్ (ఆపిల్ చేత తనిఖీ) చేయించాలి, లేకపోతే మ్యాక్‌లోని భద్రతా కాపలా గేట్‌కీపర్ అడ్డుకుంటుంది. లినక్స్‌లో కొత్త డిస్ట్రోపై బిల్డ్ చేసింది పాతదానిపై జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) వెర్షన్ లేదని మొరాయిస్తుంది. మీరు సపోర్ట్ చేయదలచిన వాటిలో అన్నిటికంటే పాత డిస్ట్రోను కంటైనర్‌లో పెట్టి అందులోనే బిల్డ్ చేయండి.