కంప్యూటర్‌లో సొంతంగా బాణీ కట్టడం ఎలా?

బాణీ కట్టాలంటే కీబోర్డు వాయించడం వచ్చి తీరాలని లేదు. మౌస్‌తో కూడా కట్టొచ్చు.

ముందు సాఫ్ట్‌వేర్. మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్, లినక్స్ వాళ్లకు ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ఉచితంగా దొరుకుతుంది. రీపర్‌ను 60 రోజులు వాడి చూడొచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో మాత్రం ఓ మెలిక ఉంది: ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది గానీ, కొనేదాకా దాన్ని మళ్లీ తెరవలేం. ఏది మంచిదో తేల్చుకోవడానికి వీడియోలు చూస్తూ కూర్చోకండి, ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసేయండి.

కొత్త ప్రాజెక్ట్ తెరిచి టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు, అంటే దెబ్బలు) 100, తాళం 4/4 (ఒక బార్‌కు, అంటే ఒక ఆవృత్తానికి, నాలుగు బీట్లు) పెట్టండి. 8 బార్లు చాలు, అంటే దాదాపు 19 సెకన్లు. మూడు నిమిషాల పాట ఇప్పుడే వద్దు.

డ్రమ్స్‌తో మొదలుపెట్టండి. ప్రతి బార్‌లో 1, 3 బీట్ల మీద కిక్ (గంభీరంగా మోగే పెద్ద డ్రమ్ము), 2, 4 మీద స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) వేయండి. హై-హ్యాట్ (జంట సింబల్స్) బీట్‌కు రెండుసార్లు పడాలి. ఒక బార్ కుదిరాక మిగతా ఏడింటికీ కాపీ చేసేయండి.

తర్వాత కొత్త ట్రాక్‌లో పియానో పెట్టి, పియానో రోల్ (స్వరాలు వేసే గడుల పట్టిక) తెరవండి. ఎడమ అంచున పియానో మెట్లు నిలువుగా కనిపిస్తాయి. పైకి వెళ్లేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. గడిలో క్లిక్ చేస్తే నోటు పడుతుంది, లాగితే పొడవవుతుంది. ఏ స్వరాలు వాడాలో తెలియకపోతే సి, డి, ఇ, జి, ఏ అనే ఐదింటితోనే సరిపెట్టుకోండి. ఇవి మోహన రాగ స్వరాలే. వీటిని ఏ వరుసలో వేసినా చెవికి పెద్దగా కటువుగా ఉండవు. ముందు నోటితో కూనిరాగం తీసి, తర్వాత దాన్ని గడుల్లోకి ఎక్కిస్తే ఇంకా మేలు. బేస్‌కు (బాణీ కింద నడిచే మంద్ర స్వరాలకు) వేరే ట్రాక్ పెట్టి, ప్రతి బార్ మొదట్లో ఒక్క పొడవాటి నోటు వేస్తే చాలు.

ఇప్పుడు ప్లే చేస్తే యంత్రం వాయించినట్టే ఉంటుంది. మౌస్‌తో వేసిన నోట్లన్నీ సాధారణంగా ఒకే బలంతో పడటమే కారణం. ఆ బలాన్ని వెలాసిటీ అంటారు. 1983లో వచ్చిన మిడి (వాద్యాలు, కంప్యూటర్లు నోట్ల వివరాలు పంచుకునే) పద్ధతిలో అది 1 నుంచి 127 వరకు ఉంటుంది. పియానో రోల్ కింద నిలువు గీతలుగా కనిపించేది అదే. హై-హ్యాట్‌లో బీట్ మీద పడేవాటిని 95 దగ్గర, మధ్యవాటిని 60 దగ్గర ఉంచి వినండి, నడక పుడుతుంది. బాణీలో కూడా ఎత్తుకునే స్వరాన్ని గట్టిగా, ముగింపు స్వరాన్ని మెత్తగా పెట్టండి. నా లెక్కలో కొత్త ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు జతచేసే వాద్యాలు, ఎఫెక్టులు) పది దించుకోవడం కన్నా ఈ పదినిమిషాల పనే ఎక్కువ మార్పు తెస్తుంది.

కీబోర్డుతో వాయించి రికార్డు చేస్తే క్వాంటైజ్‌ను (నోట్లను తాళానికి సరిగ్గా జరిపే సదుపాయాన్ని) 100 శాతం కాకుండా 50, 60 దగ్గర ఆపండి. తప్పిన తాళం సర్దుకుంటుంది, మీరు వాయించిన తీరు మిగులుతుంది. నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంటే ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్‌ను 256 శాంపిల్స్‌కు తగ్గించండి. చిటపటలు వస్తే మళ్లీ పెంచండి.

మిక్సింగ్‌లో (ట్రాకుల శబ్దాలను సరిచూసి కలపడంలో) మాస్టర్ మీటర్ (మొత్తం శబ్దాన్ని చూపేది) ఎరుపెక్కకుండా ఫేడర్లు (ట్రాకుల వాల్యూమ్ మీటలు) తగ్గించి, వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. దాన్ని ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. బేస్ వినిపించకపోతే వాల్యూమ్ పెంచడం దండగ. అదే లైన్‌ను కాపీ చేసి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, తక్కువ శబ్దంతో జత చేయండి.