పిల్లల ఖర్చుల ఒప్పందం: స్టాంపు కాగితంతో ఆగొద్దు

విడిపోయేటప్పుడు పెద్దమనుషుల్లో కూర్చుని, పిల్లల ఖర్చులకు నెలకింత అని నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ చేయించేస్తారు చాలామంది. కొన్నాళ్లకు డబ్బు ఆగిపోతుంది. ఆ కాగితం ఒప్పందం జరిగిందనడానికి సాక్ష్యమే. బాకీ వసూలుకు వారెంటు తీయించాలన్నా, జీతం జప్తు చేయించాలన్నా కోర్టు ఉత్తర్వు ఉండాలి.

పరస్పర అంగీకారంతో విడాకులైతే పిల్లల ఖర్చుల షరతులన్నీ డిక్రీలోనే (కోర్టు ఇచ్చే తీర్పు పత్రంలోనే) వచ్చేలా చూడండి. 'విడిగా రాసుకున్నాం' అంటే వసూలు దగ్గర చిక్కొస్తుంది. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 (2024 జులైకి ముందు సీఆర్‌పీసీ, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సెక్షన్ 125) కింద పోషణ కేసు నడుస్తుంటే రాజీ మెమో (కుదిరిన షరతుల పత్రం) వేసి, దాని మీద ఉత్తర్వు తీసుకోండి. అసలు కేసే లేకపోతే మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. వాళ్లు నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు (ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ, దాని మీద అప్పీలు లేదు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు.

రాయడంలోనే సగం కేసులు పాడవుతాయి. 'శక్తి కొద్దీ ఇస్తాడు' అన్న మాటతో ఏ కోర్టూ పైసా వసూలు చేయించలేదు. ఇలా రాయించండి: 'ప్రతి నెల 5వ తేదీలోపు తల్లి బ్యాంకు ఖాతాలో 12,000 రూపాయలు, ఏటా జూన్‌లో 8 శాతం పెంపు, స్కూలు ఫీజు నేరుగా స్కూలుకే, ఆసుపత్రి ఖర్చులో సగం, బిల్లు చూపిన 15 రోజుల్లో.' చేతికి నగదు వద్దు, తర్వాత ఇచ్చాననీ రాలేదనీ వాదనలే మిగులుతాయి. సెక్షన్ 144 మామూలుగా 18 ఏళ్ల వరకే కాబట్టి ఇంటర్ తర్వాతి చదువు ఖర్చు కూడా ఇప్పుడే రాయించండి.

'ఇకపై పాప పేరిట ఏమీ అడగను' అన్న షరతుకు భయపడకండి. పోషణ బిడ్డ హక్కు, తల్లి సంతకంతో అది పోదు. పరిస్థితులు మారితే మొత్తం పెంచమనీ అడగవచ్చు. అలాగే, బిడ్డను చూపించలేదన్న కోపంతో డబ్బు ఆపే హక్కు తండ్రికి లేదు. బిడ్డను చూడటానికి వేరే అర్జీ వేసుకోవాలి.

డబ్బు ఆగితే ఆలస్యం చేయకండి. సెక్షన్ 144 ఉత్తర్వు ఉంటే, బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపే వారెంటుకు అర్జీ పడాలి. ఏడాది దాటిన బాకీకి ఆ దారి మూసుకుపోతుంది గనుక మూడు నాలుగు నెలలకే వేయడం మంచిది. ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల దాకా జైలు పడవచ్చు, జైలుకెళ్లినా బాకీ తీరినట్టు కాదు. డిక్రీ లేదా అవార్డు అయితే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (దాన్ని అమలు చేయించమని కోర్టులో అర్జీ) వేయాలి. మామూలు అప్పుల్లా కాకుండా పోషణ డిక్రీకి జీతంలో మూడో వంతుకే రక్షణ, మిగతా రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. అందుకే అవతలివారు పనిచేసే ఆఫీసు పేరు, చిరునామా, ఎంప్లాయీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఒప్పందంలోనే రాయించి పెట్టుకోండి.